రెండు పెద్ద ముడులు, రెండు చిన్నవి

ఆ రోజు పొద్దున ఆకాశం తూర్పున ఎర్రగా ఉందని మా ఆవిడ అంది. తలుపు తియ్యగానే ఆకాశం ఏ రంగులో ఉందో చెప్పడం ఆమెకు పెళ్ళయిన నాటినుంచీ అలవాటు. నాకు కనిపించింది తూర్పున కొంచెం వెలుతురు, దాని మీద పలచటి మబ్బు, మబ్బు అంచున మసిగుడ్డతో తుడిచినట్టు ఒక చార. అదే కాబోలు ఎరుపు అనుకుని "ఊఁ" అన్నాను. వాన తెచ్చే ఆకాశం కాదది. వేసవి మొదలై నెల కాలేదు, అప్పటికే మా షెడ్డు ముందు కాలిపోయిన మోటార్లు పదకొండు వరసకట్టి ఉన్నాయి.

నాది మోటార్లు చుట్టే పని. బావుల్లో నీళ్ళు అడుగంటితే మోటార్లు ఉత్తినే తిరిగి తిరిగి వేడెక్కి కాలిపోతాయి. విప్పితే లోపల రాగితీగ బొగ్గుకంపు కొడుతుంది. ఆ తీగంతా లాగేసి, గాడిగాడికీ కొత్త కాగితం పెట్టి, కొత్త తీగ లెక్కపెట్టి చుట్టి, వార్నిషు పోసి ఎండలో ఆరబెట్టాలి. ఎన్ని చుట్లుండాలో అన్నే ఉండాలి. లెక్కపెట్టేవాడు మాట్లాడకూడదు. ముప్ఫై ఏళ్ళు లెక్కపెట్టి లెక్కపెట్టి నాకు మాట్లాడడమే తగ్గిపోయింది. మా ఆవిడ అడిగే పది మాటలకి నేను చెప్పేది ఒక "ఊఁ", అదీ లెక్క మధ్యలో కాకపోతేనే.

చుట్టడం అయ్యాక మోటారులోంచి ఆరు తీగలు బయటికి వస్తాయి. మూడు మొదళ్ళు, మూడు చివర్లు. ఏది ఏదో గుర్తుకి మేస్త్రీలందరూ రంగు గొట్టాలు తొడుగుతారు. నేను దారంతో ముడులు వేస్తాను. మొదటి జతకి ఒక ముడి, రెండో జతకి రెండు, మూడో జతకి మూడు. మొదలైతే ముడి కొస దగ్గర, చివరైతే కొసకి జానెడు ఇవతల. ఎందుకలా అని ఎవరైనా అడిగితే "గొట్టం కాలిపోతుంది, దారం వార్నిషు తాగి రాయవుతుంది" అనేవాణ్ణి. అది నిజమే. అసలు కారణం మాత్రం వేరు. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు.

అది తెలిసింది నా పద్దెనిమిదో ఏట. మిలిటరీలో చేరదామని వెళితే, డాక్టరు ఒక పుస్తకం తెరిచి చుక్కల్లో ఉన్న అంకె చదవమన్నాడు. నాకు చుక్కలే కనిపించాయి. ఇంటికొచ్చి, ఎత్తు అరంగుళం తగ్గిందన్నారని చెప్పాను. కన్న కొడుకు కళ్ళు సరిగా లేవంటే మా అమ్మ కుమిలిపోతుందని ఆడిన అబద్ధం అది. ఊరు ఆ అరంగుళాన్ని గట్టిగా పట్టుకుంది. అప్పటినుంచి నేను అరంగుళం మేస్త్రిని. బాకీ లేని రైతూ అలాగే పిలుస్తాడు, కొత్తగా వచ్చిన పోస్ట్‌మానూ అలాగే పిలుస్తాడు.

ఆ పదకొండు మోటార్ల రోజునే మా బావమరిది వచ్చాడు. వాడు బస్సు కండక్టరు. ఇంట్లో మాట్లాడినా వెనక సీటు దాకా వినపడాలన్నట్టు మాట్లాడతాడు.

"అక్కా! కోడలికి టికెట్టు కొట్టేశాను!" అంటూ షెడ్డులోకి వచ్చాడు. చేతిలో ఒక కవరు. "నా బస్సులో రోజూ ఎక్కే మేనేజరు లేడూ, ఆయన కంపెనీ. కంప్యూటర్ల మీద ఉద్యోగం. నెలాఖరులోగా చేరాలి."

మా పిల్ల చదువు ఆ యేడే అయింది. పట్నంలో మూడేళ్ళు కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ చదివి ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టే నా పక్కన బల్ల మీద కూర్చుని తీగ చుడుతోంది. నాలుగేళ్ళ వయసులో తనకి లెక్కలొచ్చిందే ఆ బల్ల మీద.

"నీతోనే కోడలా. వినపడుతోందా?"

"నలభై ఆరు, నలభై ఏడు... ఆగు మామయ్యా... నలభై ఎనిమిది." యాభై రెండు దాకా చుట్టి, తీగ తెంపి, దారంతో ముడేసి అప్పుడు తలెత్తింది. "నేను మిలిటరీకి దరఖాస్తు పెట్టాను. టెక్నికల్ విభాగం, సిగ్నల్స్. పిలుపు కూడా వచ్చింది."

మా బావమరిది చేతిలో కవరు కిందికి దిగింది.

"మిలిటరీకా? నువ్వు చదివింది కంప్యూటర్లు కదే!"

"అందుకే పెట్టాను. రేడియోలు, నెట్‌వర్కులు, రాడార్లు... అక్కడ ఉన్నంత పని ఇంకెక్కడుంది?"

"తుపాకీ భుజానేసుకుని కంప్యూటరు కొడతావా?"

"తుపాకీ కదలాలంటే ముందు కబురు వెళ్ళాలి కదా. ఆ కబురు వెళ్ళే దారి వేసేది మేం."

"మేం! విన్నావా అక్కా? అప్పుడే మేం అట!" వాడు కవరుతో విసురుకున్నాడు. "కంపెనీలో చల్లటి గది. తిరిగే కుర్చీ."

"ఆ కుర్చీలో కూర్చుని ఏం చెయ్యాలో అడిగావా మామయ్యా?"

"కంప్యూటరు ముందు కూర్చోవాలి."

"కూర్చుని?"

"కూర్చుని..." వాడు కాసేపు వెతుక్కున్నాడు. "కూర్చోవాలి!"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి చెప్పింది. "మా కాలేజీకి సిగ్నల్స్ వాళ్ళు వచ్చారు నాన్నా. ఒక లారీ, ఆరుగురు మనుషులు. ఏమీ లేని మైదానంలో నలభై నిమిషాల్లో స్తంభం లేపి, తీగలు లాగి, తెరలు వెలిగించి అవతల ఎక్కడో కొండ మీద వాళ్ళతో మాట్లాడారు. మళ్ళీ నలభై నిమిషాల్లో అంతా విప్పేసి వెళ్ళిపోయారు. చూస్తే నేల మీద మేకులు దిగిన గుంతలే మిగిలాయి. నేను ఆ గుంతల దగ్గర చాలాసేపు నిలబడ్డాను."

పని తెలిసినవాళ్ళ మాట అది. నాకు అర్థమైంది. పని అయ్యాక మనిషి జాడ మిగలకూడదు, మోటారు తిరగాలి.

"బావా, నువ్వేమంటావు?" అన్నాడు మా బావమరిది. "ఇంటావంటా ఉన్నదేగా ఈ పిచ్చి. నీకు తగ్గిన అరంగుళం దీనికి పెరిగిందంటావా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. "కొలుస్తారుగా" అన్నాను. నా భయం ఎత్తు కొలుస్తారని కాదు. ఆ చుక్కల పుస్తకం తెరుస్తారని. నా చెయ్యి చూసి నేర్చుకుంది కాబట్టే ముడులు వేస్తోందో, నా కళ్ళే దానికీ వచ్చాయో నాకేం తెలుసు? నాకైనా ఆ పుస్తకం ముందు కూర్చునేదాకా నా కళ్ళ సంగతి తెలియలేదు కదా.

మర్నాడు పట్నం వెళ్ళి రంగు గొట్టాలు కొన్నాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. కొట్టువాడు వింతగా చూసి, "ఏ రంగులు మేస్త్రీ?" అన్నాడు. "అన్నీ" అన్నాను.

షెడ్డులో వాటిని ఒక పళ్ళెంలో కుమ్మరించి, "రంగుల వారీగా విడదియ్యి" అని పిల్ల ముందు పెట్టాను. ఎందుకని అడగలేదు. చకచకా ఏరి నాలుగు కుప్పలు పోసింది.

"సరిపోయిందా నాన్నా?"

వంగి చూశాను. ఒక కుప్ప లేతగా ఉంది, ఒకటి ముదురుగా ఉంది. మిగిలిన రెండూ నాకు ఒక్కలాగే ఉన్నాయి. వెలుతురు కోసం పళ్ళేన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళాను. అక్కడా ఒక్కలాగే ఉన్నాయి. పరీక్ష పెట్టడం దాకా ఆలోచించానే గానీ, దిద్దేదెవరో ఆలోచించలేదు. టమాటా బుట్టతో అటుగా వెళుతున్న మా ఆవిడ పళ్ళెంలోకి ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

"ఊఁ" అన్నాను పిల్లతో. "సరిపోయింది."

ఎంపిక మొదటి రోజు పిల్ల ఒక్కతే వెళ్ళింది. సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే, అడుగు చూసి తెలిసింది, ఏదో బాగా జరగలేదని. చెప్పులు ఈడుస్తోంది. పరుగులో కాళ్ళు పోయాయేమో అనుకున్నాను.

"పరుగు బాగానే అయింది. రాతపరీక్ష ఇంకా బాగా అయింది" అంది, నా పక్కన బల్ల మీద కూర్చుని. "చేతిపని పరీక్ష దగ్గరే వచ్చింది తంటా. బల్ల మీద పన్నెండు తీగలు, అన్నీ నలుపే. గోడ మీద పన్నెండు దీపాలు. ఏ తీగ ఏ దీపానిదో బ్యాటరీ తగిలించి కనుక్కుని గుర్తు పెట్టాలి. తర్వాత వాళ్ళు తీగలన్నీ కలగాపులగం చేసేస్తారు. వాటిని వరసగా పన్నెండు మరలకి బిగించాలి. అందరికన్నా ముందు నాది అయిపోయింది."

"ఊఁ."

"గుర్తు పెట్టడానికి రంగుల టేపులు ఇచ్చారు. నేను చూసుకోనేలేదు నాన్నా. జేబులో దారం ఉండ ఉంది. ముడులు వేసేశాను. అక్కడి జవాను వచ్చి చూసి, టేపు పెడితే ముడులేశావేంటి, నీకు రంగులు కనపడవా అన్నాడు. మా నాన్న ఇలాగే నేర్పాడన్నా వినకుండా, నా కాగితం మీద 'రంగుల మీద అనుమానం' అని రాశాడు. పదో రోజున కళ్ళ పరీక్ష ఉంది. రంగులు తెలియకపోతే టెక్నికల్ విభాగం లేదట. గోదాములో సామాన్లు లెక్కపెట్టుకోవడమేనట." నా వైపు తిరిగి అడిగింది. "ముడులు వేస్తే కళ్ళు బాగోలేనట్టా నాన్నా?"

నా చేతిలో సగం చుట్టిన తీగ ఉంది. అరవై ఒకటో, అరవై రెండో. మర్చిపోయాను. చెప్పాలని నోరు తెరిచి, చెప్పలేక, తీగంతా విప్పి మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాను. పిల్ల అది చూసింది. నేను లెక్క తప్పడం అది పుట్టాక చూడలేదు.

పొద్దున టమాటా మడి దగ్గరికి వెళ్ళాను. పెరట్లో పది బారల మడి అది, మా ఆవిడ సొంతం. పండినవి ఏరి, సంతకి వెళ్ళేవి ఒక బుట్టలో, రేపటికి పండేవి ఒక బుట్టలో వేస్తుంది. నన్ను ఎప్పుడూ కోయనివ్వదు. చెట్లు తొక్కేస్తానని అంటుంది.

"నీకో మాట చెప్పాలి" అన్నాను.

ఆమె కాయలు కోస్తూనే ఉంది. "కళ్ళ సంగతేనా?"

నేను గట్టు మీద కూర్చుండిపోయాను.

"పెళ్ళయిన వారానికి నాకు చీర తెచ్చారు, గుర్తుందా? ముదురు ఆకుపచ్చ చీర. ఎర్రచీర తెచ్చానని చెప్పి ఇచ్చారు. ఆ రోజే తెలుసు."

"ఇన్నాళ్ళూ ఒక్క మాటా అనలేదే?"

"మీరు అన్నారా?" బుట్ట నా పక్కన పెట్టింది. "పొద్దున్నే లేచి ఆకాశం ఏ రంగో మీకు కాకపోతే ఇంకెవరికి చెబుతున్నాననుకున్నారు? నాకు కనపడదా?"

ముప్ఫై ఏళ్ళు. ఒక్క పొద్దూ మానలేదు. నేను "ఊఁ" అని ఊరుకున్నాను, ప్రతి పొద్దూ.

"పిల్లకి..." అన్నాను.

"పిల్ల కళ్ళకేం కాలేదు. నాలుగో ఏటినుంచి ఈ మడిలో కోస్తోంది, పచ్చికాయ ఒక్కటి తెచ్చి ఎరగదు. మీరు ఆ రోజు పళ్ళెంలో పెట్టిన గొట్టాలు కూడా సరిగ్గానే ఏరింది. నేను చూశాను."

"మరి ఆ పుస్తకంలో చుక్కలు..."

"ఆ పుస్తకం సంగతి నాకు తెలీదు" అంది. గొంతు కొంచెం తగ్గింది. "అదేదో వాళ్ళే తేల్చాలి. మీ సంగతి మాత్రం పిల్లకి మీరే చెప్పండి. నేను చెప్పను."

పది రోజులు నేను చెప్పలేదు. ఎనిమిది మోటార్లు చుట్టాను. పిల్ల కూడా ఏమీ అడగలేదు. ఒకటి మాత్రం చూశాను. తన దగ్గర దారం ఉండ లేదు. బల్ల మీద నేను కొన్న రంగు గొట్టాలు వాడుతోంది.

కళ్ళ పరీక్షకి నేనూ వెళ్ళాను. మా బావమరిది సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. కంపెనీ కవరు జేబులోనే ఉంది. "నెలాఖరు ఇంకా నాలుగు రోజులుంది. ఇక్కడ కాదంటే ఇటునుంచి ఇటే" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. మేనకోడలు దిగులుగా తిరిగొచ్చే దారి కోసం వాడు ముందే ఒక సీటు ఆపి పెట్టాడు, అంతే.

పొడుగాటి రేకుల షెడ్డు. బయట బెంచీల మీద పిల్లలూ, వాళ్ళ వెనక తల్లిదండ్రులూ. మా పిల్లని లోపలికి పిలిచారు. నేను మరో పని లేక షెడ్డు రేకు మీద మేకులు లెక్కపెట్టాను. నూట నలభై దాకా వచ్చేసరికి బయటికొచ్చింది.

"చుక్కల్లో అంకెలు నాన్నా. అన్నీ చదివాను. ఒక్కటీ తప్పలేదన్నారు."

పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. చోటుంది గనక సరిపోయింది.

మా బావమరిది "అయితే అయిపోయినట్టేగా!" అని అరిచాడో లేదో, ఆ మొదటి రోజు జవాను తలుపులోంచి తల బయట పెట్టాడు. "ముడుల అమ్మాయి ఎవరు? మేడమ్ రమ్మంటున్నారు. పని నేర్పిన నాన్న కూడా వచ్చి ఉంటే ఆయన్నీ రమ్మన్నారు."

మేడమ్ అంటే అక్కడి ఆఫీసరు, నా ఈడు మనిషి. యూనిఫాం చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళ మీద చిన్న చిన్న కాలిన మచ్చలు చూశాను. అతుకు పెట్టే కడ్డీ పట్టిన చెయ్యి అది. అది చూశాక నాకు భయం సగం తగ్గింది. ఆమె ముందు బల్ల మీద రెండు తీగల కట్టలున్నాయి. ఒకదానికి రంగు టేపులు, రెండోదానికి ముడులు. పది రోజులనాటి మా పిల్ల ముడులే.

"కళ్ళు బాగున్నాయని రాశారు" అందామె పిల్లతో. "మంచిది. ఇప్పుడు చెప్పు. టేపు ఇచ్చాం. టేపు వాడమన్నాం. ఎందుకు వాడలేదు?"

"అలవాటు మేడమ్. చెయ్యి దానంతట అదే వేసేసింది."

"ఇక్కడ చెయ్యి దానంతట అది ఏమీ చెయ్యకూడదు. చెప్పింది చెయ్యాలి. కళ్ళ అనుమానం పోయింది, ఇది మాత్రం ఉండిపోయింది." కాగితం ముందుకు లాక్కుని కలం తీసింది.

పిల్ల తల వంచుకుంది. దాని మెడ మీద చిన్నప్పుడు వార్నిషు పడి కాలిన మచ్చ నాకు కనిపించింది.

"తప్పు నాదమ్మా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. తలుపు దగ్గర మా బావమరిది కూడా ఉన్నాడు. వాణ్ణెవరూ పిలవలేదు, వాడే వచ్చాడు.

"నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. పుట్టుకతోనే. రంగు గుర్తులతో పని చెయ్యలేను. అందుకని ముడులు పెట్టుకున్నాను. నా కళ్ళ కోసం పెట్టుకున్న పద్ధతి, మంచి కళ్ళున్న పిల్లకి నేర్పాను. అది వేరే పద్ధతి చూడలేదు. దాని తప్పు కాదు."

ఒక్కసారిగా అన్ని మాటలు నేను ఎప్పుడు మాట్లాడానో నాకు గుర్తులేదు. పిల్ల నా వైపు చూస్తోంది. నేను దాని వైపు చూడలేదు.

వెనకనుంచి మా బావమరిది, వాడి లెక్కలో గుసగుసగా, గదంతా వినపడేలా అన్నాడు. "బావా, మరి అరంగుళం?"

"ఎత్తు సరిపోయింది" అన్నాను.

"సరిపోయిందా!"

"అంగుళం ఎక్కువే."

మేడమ్ కలం కింద పెట్టింది. ముడుల కట్ట దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ఒక తీగని వేళ్ళ మధ్య జార్చింది. తర్వాత ఇంకోటి. "ఈ పెద్ద ముడేంటి మేస్త్రిగారూ?"

నాకు తెలీదు. నా పద్ధతిలో పెద్ద ముడి లేదు.

"అది ఐదుకి గుర్తు మేడమ్" అంది మా పిల్ల. "మోటారుకి మూడు ముడులు చాలు. ఇక్కడ పన్నెండు తీగలు. పన్నెండు చిన్న ముడులు తడిమేసరికి వేలు లెక్క మర్చిపోతుంది. అందుకని ఐదుకొక పెద్ద ముడి. పన్నెండంటే రెండు పెద్ద ముడులు, రెండు చిన్నవి."

నేను ముప్ఫై ఏళ్ళు వేశాను. నాకు తట్టలేదు.

"కిటికీలు మూసెయ్యి" అంది మేడమ్ జవానుతో. "తలుపు కూడా. నువ్వు ఈ టేపుల కట్ట తీసుకో. ఒకటినుంచి పన్నెండు దాకా మరలకి బిగించు."

కిటికీ రెక్కలు పడ్డాయి. మిట్టమధ్యాహ్నం గది చిమ్మచీకటైంది. చీకట్లో తీగలు రాసుకుంటున్న చప్పుడు. ఏదో కిందపడింది. 

"ఏమైంది?" అంది మేడమ్ గొంతు.

"కనపడట్లేదు మేడమ్" అన్నాడు జవాను.

మా బావమరిది దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"పక్కకి రా. అమ్మాయ్, నీ కట్ట నువ్వు తీసుకో."

ఈసారి చప్పుడు వేరు. తీగ మీద వేలు జారుతుంది, ఆగుతుంది, మర తిరుగుతుంది. జారుతుంది, ఆగుతుంది, తిరుగుతుంది. నేను లెక్కపెట్టుకుంటున్నాను. మా బల్ల మీద నా పక్కనుంచి పద్దెనిమిదేళ్ళుగా వింటున్న చప్పుడే. ఎనిమిదో తీగ దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. నా లెక్కా అక్కడే ఆగింది. మర తిరిగింది.

"అయింది మేడమ్."

"చూద్దాం" అంది ఆమె. మొదటి స్విచ్చి టక్కుమంది. గోడ మీద మొదటి దీపం వెలిగింది. టక్కు, రెండోది. మూడోది. ఆ చిన్న వెలుతుర్లో నాకు మా పిల్ల ముఖం, తర్వాత జవాను ముఖం, తర్వాత తలుపుకి ఆనుకుని నోరు తెరిచిన మా బావమరిది ముఖం ఒకటొకటే కనిపించాయి. ఎనిమిదోది వెలిగింది. పదకొండోది. పన్నెండోది వెలిగేసరికి గదిలో మళ్ళీ పగలొచ్చింది. ఆ దీపాలకి ఏ రంగులున్నాయో నేను ఇప్పటికీ చెప్పలేను. పన్నెండూ వరసలో వెలిగాయి.

మేడమ్ కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసింది. "టేపు వాడమన్నప్పుడు టేపు వాడాలి. గుర్తుంటుందా?"

"ఉంటుంది మేడమ్."

"టేపు కనపడని చోట ఏం చెయ్యాలో మావాళ్ళకి నువ్వు నేర్పాలి. అదీ గుర్తుపెట్టుకో." తర్వాత కుర్చీ నా వైపు జరిపి, ఒక తెల్లకాగితం తీసుకుంది. "మేస్త్రిగారూ, తీగ మొదలూ చివరా ముడితో ఎలా గుర్తుపడతారు?"

కొసకి దగ్గరైతే మొదలు, జానెడు ఇవతలైతే చివర అని చూపించాను. ఆమె తన జాన పెట్టి కొలుచుకుంది. నా జానకన్నా చిన్నది. "నా జాన చాలదు, అంగుళాల్లో చెప్పండి" అంది. "ఎనిమిదిన్నర" అన్నాను. బొమ్మ గీసి, పక్కన అది రాసుకుంది. అర కూడా వదల్లేదు.

తిరుగు బస్సులో మా బావమరిది పక్కసీటులో కూర్చోలేకపోయాడు. తన బస్సు కాకపోయినా లేచి నిలబడి, ఆ కండక్టరు కన్నా పెద్ద గొంతుతో, "మా కోడలు! మిలిటరీ ఇంజినీరింగు! చీకట్లో పన్నెండు దీపాలు!" అని ముందు తలుపునుంచి వెనక తలుపు దాకా చెప్పాడు. ఇంజినీరింగు కాదు మామయ్యా అని పిల్ల అంటే, "టికెట్టు కొట్టేది నేనా నువ్వా?" అన్నాడు. మలుపు దగ్గర కంపెనీ కవరు తీసి, "రద్దు" అని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో చెత్త పడెయ్యడు, ఎంతైనా కండక్టరు.

పిల్ల కిటికీ దగ్గర కూర్చుంది. సగం దూరం వచ్చేదాకా బయటికే చూసింది. తర్వాత అంది.

"నాన్నా, ఆ రోజు పళ్ళెంలో గొట్టాలు ఏరమన్నావు."

"ఊఁ."

"గుమ్మం దాకా తీసుకెళ్ళి చూసి, సరిపోయింది అన్నావు."

"ఊఁ."

"ఏం తెలిసిందని అన్నావు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. దాని భుజం నా భుజానికి తగిలి వణుకుతోంది. ఏడుస్తోందేమోనని తిరిగి చూశాను. నవ్వుతోంది. అది చూసి నాకూ ఆగలేదు. ఇద్దరం ఏం చూసి నవ్వుతున్నామో తెలియక మా బావమరిది మధ్యలో చేరి వాడూ నవ్వాడు.

తొలివానలతో పాటే ఉత్తర్వు వచ్చింది. టెక్నికల్ విభాగం, సిగ్నల్స్. అప్పటికి షెడ్డు ముందు మోటార్లు రెండే మిగిలాయి. ఊళ్ళో కబురు ముందే వెళ్ళింది, వెళ్ళేది మా బావమరిది నోటిగుండానే కదా. మోటారు కోసం వచ్చిన ముసలి రైతు గుమ్మంలో నిలబడి, "అరంగుళం మేస్త్రీ" అని మొదలెట్టి, ఆగి, నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "అయితే నువ్వు పొడుగువాడివేనన్నమాట!" అన్నాడు.

పిల్ల బయల్దేరే రోజు పొద్దున నేనే ముందు లేచాను. తలుపు తీసి, మా ఆవిడ వచ్చేదాకా ఆగాను.

"ఈ రోజు ఎలా ఉంది?" అని అడిగాను.

ఆమె నన్ను చూసింది, తర్వాత ఆకాశాన్ని చూసింది. తొందరపడలేదు. "అడుగున బూడిదరంగు. మీద లేత ఎరుపు. మధ్యలో ఒకచోట పసుపు, దీపం పెట్టినట్టు" అంది. ముప్ఫై ఏళ్ళలో ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు మరి.

వంటకి టమాటాలు కావాలంటే, "నేను కోసుకొస్తాను" అన్నాను. ఆమె బుట్ట ఇచ్చింది. వాన తడికి మడి మెత్తగా ఉంది. చెట్టు చెట్టునీ వంగి చూసి, నొక్కి చూసి, నాకు తోచినవి కోశాను. బుట్ట తెచ్చి ఇస్తే ఆమె అందులోకి చూసింది, పిల్ల చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. కొన్ని కూరలో వేసింది, కొన్ని ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టింది.

మధ్యాహ్నం బస్సుకి గంట ముందు నలుగురం కూర్చున్నాం. గుమ్మం పక్కన పిల్ల ట్రంకు పెట్టె ఉంది. దాని పిడికి మా బావమరిది దారం కట్టి ముడులు వేశాడు, వేరేవాళ్ళ పెట్టెతో కలిసిపోకుండా. పెద్దవీ చిన్నవీ కలిపి ఎన్ని వేశాడో, అది ఏ అంకె అవుతుందో వాడికే తెలియాలి.

అన్నం పెట్టుకున్నాం. టమాటా ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. పచ్చికాయ. తలెత్తి చూశాను. మా ఆవిడ కూర కలుపుకుని తింటోంది. మా బావమరిదికి ఒక కన్ను మూసుకుపోయింది, దవడ బిగుసుకుంది. పుట్టినప్పటినుంచి మాట ఆపనివాడు, నోరు విప్పకుండా నమిలి మింగి, పళ్ళెంలోంచి ఇంకో ముక్క తీసుకున్నాడు. మా పిల్ల తన కంచం ముందుకు జరిపింది. నేను నాలుగు ముక్కలు వేశాను. ఒకటొకటే తింది.